సేనాపతి వేషానికి ఈ షాపే, మీసం మాత్రం వేరేచోట కొనుక్కోండి

విశాఖపట్నంలో వేషాలు అద్దెకిచ్చే షాపులకి కొదవ లేదు. కానీ చాలాచోట్ల సరుకంతా చిన్నపిల్లల ఫ్యాన్సీ డ్రెస్సుకే: కృష్ణుడు, భారతమాత, గాంధీగారు, అల్లూరి. పెద్దవాళ్ళు స్టేజి ఎక్కి గొంతు చించుకుని డైలాగు చెప్పే వేషం, అందులోనూ యుద్ధం సీనుకి కావాలంటే మాత్రం వన్‌టౌన్‌లో కురుపాం మార్కెట్ వైపు సందులో ఒక పాత మేడ కింద ఉన్న షాపుకి వెళ్ళండి. బోర్డు లేదు కాబట్టి పేరు రాయలేను. గుమ్మం పక్కన మేకుకి ఒక పెద్ద గద వేలాడుతూ ఉంటుంది, అదే గుర్తు. ఐదుకి నాలుగు ఇస్తాను. తగ్గిన ఆ ఒకటి ఎందుకు తగ్గిందో కూడా మొహమాటం లేకుండా చెప్తాను.

మా కాలనీలో సంక్రాంతి కార్యక్రమానికి పల్నాటి యుద్ధం వేశాం. మొత్తం కథ కాదు, అది వేయాలంటే రాత్రంతా చాలదు. కారెంపూడి దగ్గర పోరు మొదలయ్యే ముందు బాలచంద్రుడు తనవాళ్ళని నిలబెట్టి మాట్లాడే ఘట్టం ఒక్కటే, ఇరవై నిమిషాలు. సంక్రాంతికి కోడిపందెం కథ కాక ఇంకేం వేస్తాం అని ఒకాయన జోకేశాడు, అదే ఖాయమైపోయింది. స్క్రిప్టు, డైరెక్షను, టీలు తెప్పించడం అన్నీ నా నెత్తిన పడ్డాయి.

కథ తెలియనివాళ్ళకి కాస్త చెప్పాలి, ఎందుకంటే ఈ షాపు గొప్పతనం అంతా ఆ కథతోనే ముడిపడి ఉంది. 12వ శతాబ్దం. పల్నాడు ఏలిన అనుగురాజు పోయాక రాజ్యం రెండు ముక్కలైంది. ఒక భార్య కొడుకు నలగామరాజు గురజాలలో, ఇంకో భార్య కొడుకు మలిదేవరాజు మాచర్లలో. మలిదేవుడి పక్కన మంత్రి బ్రహ్మనాయుడు, ఆయన కొడుకే మా నాటికలో బాలచంద్రుడు. నలగాముడి పక్కన మంత్రి నాయకురాలు నాగమ్మ. కోడిపందెంలో ఓడిపోయి మలిదేవుడి వర్గం ఏడేళ్ళు ఊళ్ళొదిలి ఉండాల్సి వచ్చింది. గడువు తీరాక మా భాగం మాకిమ్మని అడగడానికి రాయబారిగా వెళ్ళిన అలరాజుని విషం పెట్టి చంపారు, ఆ అలరాజేమో సాక్షాత్తూ నలగామరాజుకి అల్లుడు. ఇంక ఆగుతుందా? నాగులేటి ఒడ్డున రెండు సైన్యాలూ దిగాయి. 1182 అని ఎక్కువమంది చెప్తారు. అంటే బయటినుంచి ఎవడో దండెత్తి వచ్చిన యుద్ధం కాదిది, ఒక ఇంట్లో లేచిన గొడవ ఊళ్ళని మింగేసిన యుద్ధం. ఎదురుగా కత్తి పట్టుకుని నిలబడ్డవాడు మన బావో, మేనమామో అయినప్పుడు, ఆ కుర్ర సేనాపతి ఏం చెప్పి తనవాళ్ళని ముందుకి నడిపిస్తాడన్నదే మా నాటిక.

ముందు ద్వారకానగర్ వైపు ఒక షాపులో అడిగాం. యుద్ధం అనగానే వాళ్ళు లోపలినుంచి ప్లాస్టిక్ కవచాలు తెచ్చారు, ఛాతీ మీద కండలు పోసి ఉన్నవి, నెత్తిన ఎర్ర కుచ్చున్న హెల్మెట్టు. రోమ్ సైనికులు నాగులేరు దాటుతున్నట్టు ఉంది. "ఫొటోల్లో సూపర్‌గా వస్తుంది మేడమ్" అన్నాడు అబ్బాయి. వస్తుంది, కాదనను. ఆన్‌లైన్లో చూస్తే బంగారు రంగు కిరీటాలే తప్ప ఇంకేం లేవు. అప్పుడు మా కాలనీలో తబలా వాయించే పెద్దాయన ఈ వన్‌టౌన్ షాపు గురించి చెప్పారు.

లోపలికి అడుగు పెట్టగానే కలరా ఉండల వాసన గుప్పున కొడుతుంది. సీలింగు దాకా ట్రంకు పెట్టెలు, వాటి మీద సుద్దతో రాసిన పేర్లు: 'దుర్యో', 'భీమ', 'యముడు పెద్ద', 'యముడు చిన్న'. యజమాని కుట్టుమిషను ముందు కూర్చుని ఒక భుజకీర్తికి ఊడిపోయిన చమ్కీ కుడుతున్నాడు. డెబ్భై దగ్గరపడ్డ మనిషి, వయసులో ఉండగా ఉత్తరాంధ్ర ఊళ్ళల్లో పద్యనాటకాలు ఆడినవాడు. ఏ సైజు, ఎన్ని రోజులు అని అడగలేదు. "ఏటి సీను తల్లీ?" అన్నాడు.

చెప్పాను. మిషను ఆపేశాడు. ఇక ప్రశ్నలు మొదలు. బాలచంద్రుడు నేల మీద నిలబడి మాట్లాడతాడా, ఎత్తు మీద నిలబడతాడా? కత్తి ఎత్తుతాడా? ఎత్తితే ఎంతసేపు పట్టుకుంటాడు? మైకు స్టాండుకా, కాలరుకా? సైనికులు ఆడియన్సు వైపు మొహం పెడతారా, సేనాపతి వైపా? అనపోతు ఉన్నాడా లేడా? ఈ చివరి ప్రశ్నకి నేను కంగుతిన్నాను. బాలచంద్రుడి వెంట తలో కులానికి చెందిన సోదరుల్లాంటి స్నేహితులుంటారు కదా, వాళ్ళలో బ్రాహ్మణుడైన అనపోతు యుద్ధంలో చావకూడదని బాలచంద్రుడు ఏదో వంక పెట్టి దారిలోనే వెనక్కి పంపించేస్తే, విషయం అర్థమై అతను ప్రాణం తీసుకుంటాడు. కారెంపూడి సీనులో అతనుండడు. "ఉంటే ఓ సెట్టు తగ్గించుకోమందును. కత తెలీకుండా లెక్క రాసేసినోళ్ళు శానామంది వస్తారు" అన్నాడాయన. మా లిస్టులో అనపోతు లేడులెండి.

తర్వాత ఆయన చేసిన పని చూసే నేను ఈ రివ్యూ రాస్తున్నాను. మా బాలచంద్రుడు స్టీల్‌ప్లాంటులో పనిచేసే కుర్రాడు, మంచి గొంతు, పొడగరి. నాతోపాటే తీసుకెళ్ళాను. అతనికి పెద్ద కిరీటం మీద మనసు పడింది, అద్దాలు పొదిగి, వెనక నెమలి ఈకలు ఉన్నది. పెద్దాయన కాదనకుండా అతని నెత్తిన పెట్టి, భుజకీర్తులు కట్టి, మెడలో రెండు వరసల హారం వేసి, చేతికి కత్తి ఇచ్చి, "ఇప్పుడు అరిచి చూడు బాబూ, సందు చివర పాన్‌షాపోడికి ఇనపడాల" అన్నాడు. వీడు కత్తెత్తి, తల పైకెత్తి "వీరులారా" అన్నాడో లేదో కిరీటం వెనక్కి జారింది, దాన్ని పట్టుకోబోయి చెయ్యి దించితే భుజకీర్తి అంచు చెవికి గీరుకుంది, మెడలో హారం గొంతు మీద నొక్కి రెండో మాట గుటకలా మింగేశాడు. మేం నవ్వు ఆపుకోలేకపోయాం. పెద్దాయన నవ్వలేదు. ఒక్కొక్కటీ విప్పుతూ వివరించాడు: సింహాసనం మీద కూర్చునే రాజుకి బరువు కావాలి, కదలకుండా ఉంటేనే రాజసం. సైన్యాన్ని లేపేవాడికి మెడ ఖాళీగా ఉండాలి, చంక దగ్గర బట్ట వదులుగా ఉండాలి, నడుం మాత్రం బిగించి కట్టాలి, ఎందుకంటే ఊపిరి అక్కడినుంచి తన్నుకు రావాలి.

కిరీటం పోయి తలపాగా వచ్చింది, ముదురు ఎరుపు, కుచ్చు ఎడమ భుజం మీద పడేట్టు. కుట్టిన ప్యాంటు లాంటి రెడీమేడ్ పంచె వద్దని మామూలు పంచెని కచ్చ పోసి కట్టాడు, పైన నాలుగు వేళ్ళ వెడల్పు దట్టీ, ఇద్దరు చెరో కొసా పట్టుకుని లాగి మరీ బిగించారు. కవచం అనేది వెల్వెట్ మీద తగరపు రేకు ముక్కలు కుట్టినది, చంకల కింద కోసేసి నాడాలు పెట్టి ఉంది. మళ్ళీ అరవమన్నాడు. ఈసారి పాన్‌షాపు దగ్గర నిలబడ్డ ఇద్దరు వెనక్కి తిరిగి చూశారు.

మన నాటకాల్లో సేనాపతి ప్రసంగాలు ఎందుకు తేలిపోతాయో నాకు అక్కడ అర్థమైంది. డైలాగు బాగానే ఉంటుంది, నటుడూ మంచివాడే, ఒంటి మీదున్న సామాను అతన్ని పీక పట్టుకుని ఉంటుంది.

రెండో సమస్య ఇంకా పెద్దది. రెండు సైన్యాలనీ జనం ఎలా గుర్తుపట్టాలి? అటువాళ్ళకి నీలం, ఇటువాళ్ళకి ఎరుపు ఇచ్చేయండి అన్నాను, స్కూళ్ళలో అందరూ చేసేదే. ఆయన తల అడ్డంగా ఊపాడు. "ఒకే కొంపోళ్ళు తల్లీ. రెండు కంపెనీల యూనిఫారాలు ఏసేస్తే ఇంక ఏడుపెక్కడుంటాది?" అని, రెండు వర్గాలకీ ఒకే పెట్టెలోంచి ఒకే రకం పంచెలు, ఒకే రకం దట్టీలు తీశాడు. తేడా అంతా నుదుటి మీద. బ్రహ్మనాయుడు వైష్ణవుడు, నాగమ్మ శివభక్తురాలు, కాబట్టి ఇటువాళ్ళకి నిలువు నామాలు, అటువాళ్ళకి అడ్డంగా విభూతి రేఖలు. దీనికి ఖర్చు ఎంతనుకున్నారు? సున్నా. ఒక చిన్న డబ్బాలో నామం సుద్ద, పొట్లంలో విభూతి ఉచితంగా ఇచ్చాడు. (ఇది వట్టి శైవ వైష్ణవ గొడవే అనుకునేట్టు చేయకండి, భాగం పంపకం, పందెం, అలరాజు చావు, పెద్దల పంతాలు అన్నీ ఉన్నాయి అని కూడా హెచ్చరించాడు. మంచి మాటే. నాటికలో ఒక లైను దానికోసమే పెంచాను.)

స్టేజి మీద ఇది ఎంత పనిచేసిందంటే, లైటు పడగానే రెండు వరసల్లో ఒకే బట్టల్లో ఉన్న మనుషులు కనిపించేసరికి ముందు వరసలోవాళ్ళు "ఎవరు ఎవరు?" అని గుసగుసలు మొదలెట్టారు. సరిగ్గా అప్పుడే బాలచంద్రుడు అందుకున్నాడు: "అటు ఒడ్డున ఉన్నది పరాయివాళ్ళని నేను చెప్పను. నా మేనమామలున్నారు, మీ బావమరుదులున్నారు. నిన్నటిదాకా ఒకే నీళ్ళు తాగాం. కానీ బువ్వ పెడతామని పిలిచి, రాయబారానికొచ్చిన అల్లుడికి విషం కలిపిన చెయ్యి కూడా అక్కడే ఉంది. ఆ చేతి కోసం వెళ్తున్నాం. దానికి అడ్డం రానివాడి మీద కత్తి ఎత్తొద్దు." ఈ డైలాగు నేను రాసిందే, కాస్త గొప్పగా ఉంటుంది క్షమించండి, కానీ ఎరుపు నీలం బట్టల్లో వేసి ఉంటే ఇందులో సగం పస కూడా నిలబడేది కాదు. ఒకావిడ కళ్ళు తుడుచుకోవడం నేను వింగులోంచి చూశాను.

ఇంకొకటి చెప్పకపోతే అన్యాయం అవుతుంది. కన్నమదాసు వేషం. మాల కన్నమదాసు అంటాం కదా అని మావాళ్ళలో ఒకరు "ఆయనకి సాదాది ఏదైనా సరిపోతుంది, బడ్జెట్ తగ్గుతుంది" అన్నారు. పెద్దాయన మొహం మారిపోయింది. కన్నమదాసు బ్రహ్మనాయుడి సేనాధిపతి, నాయుడు కొడుకుగా చూసుకున్న మనిషి, అన్ని కులాలవాళ్ళనీ ఒకే చాప మీద కూర్చోబెట్టి చాపకూడు పెట్టిన కథలో ఆయనకి చిరుగు బట్టలేమిటి అని గట్టిగానే అన్నాడు. బాలచంద్రుడి సెట్టుకి ఏమాత్రం తగ్గని సెట్టు, పెద్ద కత్తి, పైగా మామూలు సైనికుడి అద్దెకే ఇచ్చాడు. వయసులో తను ఆ వేషమే కట్టేవాడట. ఆ ఖడ్గం పట్టుకునే పద్ధతి కూడా మా నటుడికి చూపించాడు, భుజం మీద ఆనించి, మొన వెనక్కి.

కారెంపూడిలో ఇప్పటికీ కార్తీక మాసంలో వీరుల ఉత్సవాలు జరుగుతాయి, వీరుల గుడి ఉంది, ఆనాటి ఆయుధాలని కొణతాలు అని పూజ చేసి ఊరేగిస్తారు. 2022లో పల్నాడు వేరే జిల్లా కూడా అయింది. అక్కడివాళ్ళకి ఇది నాటకం కాదు, ఇంటి పెద్దల తద్దినం లాంటి వ్యవహారం. ఇంత దూరంలో, సముద్రం ఒడ్డున ఉన్న మనం ఆ వేషం కడుతున్నప్పుడు ఆ మాత్రం శ్రద్ధ ఉండాలన్నది ఆయన పట్టింపు. నాకు నచ్చింది. అందరికీ నచ్చకపోవచ్చు, తొందరలో ఉన్నవాళ్ళకి విసుగొస్తుంది.

కత్తులు డాళ్ళ సంగతి. సేనాపతి మాట ఆగిన ప్రతిసారీ సైనికులు డాలు మీద కత్తి కొట్టాలని నా ప్లాను. దానికి రేకు డాళ్ళు కావాలి, చెక్కవి కొడితే తలుపు తట్టినట్టుంటుంది. ఇక్కడున్న రేకు డాళ్ళు మంచివి, లోపల తోలు పట్టీ ఉంది, చెయ్యి నొప్పెట్టదు, మోత హాలు దద్దరిల్లేలా వస్తుంది. కానీ ఉన్నవి ఎనిమిదే. మిగతావి అట్టకి వెండిరంగు కాగితం అంటించినవి. అవి పట్టుకున్నవాళ్ళని వెనక వరసలోకి తోసేశాం. రెండు సైన్యాల సీను వేసేవాళ్ళు ఈ లెక్క ముందే చూసుకోండి.

ఇక తిట్లు.

మొదటిది మీసం. జనవరే అయినా మన ఊళ్ళో లైట్ల కింద, వెల్వెట్ లోపల చెమట ఎలా కారుతుందో తెలుసుగా. షాపువాళ్ళు ఇచ్చిన గమ్ము పాతది, సీసా అడుగున చిక్కబడిపోయింది. ప్రసంగం మధ్యలో, అదీ "ఆ చేతి కోసం వెళ్తున్నాం" దగ్గర, బాలచంద్రుడి మీసం కుడివైపు లేచిపోయింది. నాకు గుండె ఆగినంత పనైంది. కుర్రాడు ఏమాత్రం తొణక్కుండా ఎడం చేత్తో దాన్ని పట్టుకుని మెలేసినట్టు చేసి, అలాగే పట్టుకుని మిగతా డైలాగంతా చెప్పేశాడు. జనం ఈలలు వేశారు, పౌరుషం అనుకున్నారు. అదృష్టం బాగుండి గట్టెక్కాం గానీ, గమ్ము, మీసం మీరే బయట కొత్తవి కొనుక్కోండి, ఎంతో కాదు.

రెండోది వాసన. పంచెలు ఉతికినవే, వాటికి వంక లేదు. వెల్వెట్ కవచాలు మాత్రం ఎప్పుడూ నీళ్ళ మొహం చూసినట్టు లేవు. ముందు వేసుకున్న దుర్యోధనుల చెమటంతా అందులోనే ఉంది. మావాళ్ళు లోపల పాత బనియన్లు వేసుకుని సర్దుకున్నారు. తీసుకెళ్ళిన రోజే మేడ మీద ఎండలో ఆరేయండి.

మూడోది డబ్బు వ్యవహారం. పెద్దాయన కళాకారుడు, లెక్కలు చూసేది వాళ్ళబ్బాయి, ఇద్దరికీ పోలికే లేదు. సేనాపతి సెట్టు 600, సైనికుడి సెట్టు 200, రోజుకి. ఈ ధర న్యాయమే. డిపాజిట్ 3000. బిల్లు ఇవ్వరు, నోటు పుస్తకంలో రాసుకుంటారు, ఆ పేజీ ఫోన్లో ఫొటో తీసుకోండి. తిరిగి ఇచ్చేటప్పుడు వాళ్ళబ్బాయి ఒక కంకణానికి రాయి ఊడిందని 300 కోస్తానన్నాడు. తీసుకెళ్ళేటప్పుడే ఆ రాయి లేదు, నా ఫోన్లో ఫొటో ఉంది, చూపిస్తే మారు మాట్లాడలేదు కానీ మిగతా డిపాజిట్ వెంటనే చేతిలో పెట్టకుండా "రేపు ఫోన్‌పే చేస్తానండి" అని వారం తిప్పాడు. ఫోన్ చేస్తే ఎత్తడు. చివరికి పెద్దాయనకి చెప్తే ఆ సాయంత్రానికి పడింది. ఇలాంటివి ఆయన పరువుకి మచ్చ, ఆ అబ్బాయికి ఎవరైనా చెప్తే బాగుండు.

పాదాలకి ఏమీ ఇవ్వరు. తోలు చెప్పులు కావాలంటే పూర్ణా మార్కెట్లో చూసుకోవాలి, లేదా మాలాగా ఉత్తకాళ్ళతో కానిచ్చేయండి, పంచెకట్టు మీద బాగానే ఉంటుంది. ఆడవేషాల గురించి నాకు తెలియదు, మాకు నాగమ్మ ఒక్కతే, ఆమె చీర, నగలు ఇంట్లోవే. రుద్రాక్షల దండ మాత్రం ఇక్కడిదే, అది బావుంది.

వెళ్ళేముందు సీను కాగితం మీద రాసుకుని వెళ్ళండి, ఎవరు ఎక్కడ నిలబడతారు, ఎవరు కత్తెత్తుతారు అన్నది కూడా. ముఖ్యమైన నటుడిని తప్పకుండా వెంట తీసుకెళ్ళండి, కొలతల కాగితం పంపితే పెద్దాయన ఒప్పుకోడు. పొద్దున్న వెళ్తే ఆయన తీరిగ్గా ఉంటాడు, సాయంత్రం కౌంటర్ దగ్గర అబ్బాయి ఉంటాడు, సెట్టు చేతిలో పెట్టి పంపేస్తాడు అంతే. ఆదివారం మధ్యాహ్నం దాటితే తీయరు. దసరాకి, శివరాత్రికి మంచి పెట్టెలన్నీ ఊళ్ళకి వెళ్ళిపోతాయి కాబట్టి నెల ముందే అడ్వాన్స్ ఇచ్చి, ఆ ఎనిమిది రేకు డాళ్ళూ మీ పేరు మీద రాయించుకోండి.